క్రుంగ్‌బిన్ హ్యూస్టన్ బ్యాండ్

క్రుంగ్‌బిన్ గురించి ఎవరు మాట్లాడినా ముందు థాయ్‌లాండ్ పేరు వస్తుంది. అరవైలు, డెబ్బైల నాటి థాయ్ పాటలు విని, ఆ బాణీల పోకడను గిటారు మీదికి తెచ్చుకుని, ఆఖరికి పేరు కూడా థాయ్ భాషలోంచే పెట్టుకున్న అమెరికన్ బ్యాండ్ అని పరిచయం చేస్తారు. ఆ వెంటనే రెండో మాట వస్తుంది: చిల్ మ్యూజిక్. పని చేసుకుంటున్నప్పుడో, రాత్రిపూట కారు నడుపుతున్నప్పుడో వెనకాల తక్కువ సౌండులో పెట్టుకుంటే హాయిగా ఉంటుందని.

మొదటి మాట సగం నిజం. రెండో మాటను నేను అస్సలు ఒప్పుకోను. ఈ రెండు మాటలూ కలిసి ఆ బ్యాండులో అన్నిటికంటే గట్టి సంగతిని కనబడకుండా చేస్తున్నాయని నా బాధ. వాళ్ళ డ్రమ్స్, వాళ్ళ బేస్, వాళ్ళు వదిలిపెట్టే ఖాళీ, ఆ నిదానం, అన్నీ హ్యూస్టన్ ఊరి ఆఫ్రికన్ అమెరికన్ సంగీతంలోంచి వచ్చినవే. చర్చిలో పెరిగిన సోల్, స్కూలు బ్యాండు గదుల్లో ముదిరిన, లయే ముందుండే ఫంక్, ఆ రెండిటికీ చదువు చెప్పిన జాజ్. థాయ్ బాణీలు వినకపోయినా వీళ్ళు మంచి బ్యాండే అయ్యుండేవాళ్ళు. ఆ లయ లేకపోతే మాత్రం బ్యాండే ఉండేది కాదు.

ముగ్గురే మనుషులు. గిటారు మార్క్ స్పియర్, బేస్ లారా లీ ఒచోవా, డ్రమ్స్ డొనాల్డ్ జాన్సన్. ఈయన్ని అందరూ డీజే అంటారు. స్పియర్, జాన్సన్ 2004లో హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లోని సెయింట్ జాన్స్ యునైటెడ్ మెథడిస్ట్ చర్చిలో కలిశారు. బియాన్సే చిన్నప్పుడు కోయిర్‌లో పాడిన చర్చి అదే. అక్కడి గాస్పెల్ (చర్చి భక్తిపాటల) బ్యాండులో స్పియర్ గిటారు వాయించేవారు, జాన్సన్ ఆర్గన్ వాయించేవారు. మంగళవారం రిహార్సల్, ఆదివారం ఆరాధన. ఏళ్ళ తరబడి అదే వరస. లారా లీ తర్వాత కలిశారు, స్పియర్ సాయంతోనే బేస్ పట్టుకోవడం నేర్చుకున్నారు. ముగ్గురూ కలిసి బ్యాండ్ పెట్టే వేళకి డ్రమ్స్ దగ్గర కూర్చోబెట్టింది ఆ ఆర్గన్ వాయించే జాన్సన్‌నే.

ఈ ఆఖరి ముక్క దగ్గర కాసేపు ఆగాలి. డ్రమ్స్ మీదే పెరిగిన కుర్రాడికి సహజంగా చేతులు దురదపెడతాయి. చరణం అవ్వగానే ఓ రోల్ వెయ్యాలి, సింబల్ మోగించాలి. ఆర్గన్ మీద పెరిగిన మనిషికి ఆ దురద ఉండదు. పాట ఎటు పోతోంది, పాడేవాడు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడు, కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) ఎప్పుడు మారాలి అనేదే ఆయన ధ్యాసంతా. జాన్సన్ డ్రమ్స్ వింటే ఇది తెలిసిపోతుంది. కాలితో కొట్టే కిక్, చురుగ్గా మోగే స్నేర్, జంట తాళాల హై-హ్యాట్, చాలా పాటల్లో అంతకు మించి ఉండదు. పాట మొదట్లో ఏం వాయించారో నాలుగు నిమిషాల తర్వాత కూడా దాదాపు అదే. అయినా బోరు కొట్టదు. ఎందుకు కొట్టదో తెలియాలంటే చర్చి లోపలికి వెళ్ళాలి.

ఆఫ్రికన్ అమెరికన్ చర్చిలో బ్యాండు పని కచేరీ చెయ్యడం కాదు. పాస్టర్ ప్రసంగం మొదలుపెట్టినప్పుడు ఆర్గన్ సన్నగా కింద నడుస్తుంటుంది. ఆయన గొంతు పెరిగేకొద్దీ ఆర్గన్ ఒక్కో మాటకి బదులు చెబుతుంది. పాటలోకి వచ్చాక ఒక దశలో అందరూ రెండు కార్డుల దగ్గర ఆగిపోతారు. దాన్ని వ్యాంప్ అంటారు. అది ఎంతసేపు నడవాలో ఎవరికీ తెలియదు. ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్ళు మూసుకుని లేచి నిలబడితే, ఆవిడ కూర్చునేదాకా నడవాలి. పాడేవాళ్ళు ఒక్క మాటనే పదే పదే పాడుతుంటే ఆ మాట కింద రెండు కార్డులూ చల్లారకుండా చూడాలి. అలాగని తొందరపడి వేగం పెంచెయ్యకూడదు, కొత్త హడావిడి తీసుకురాకూడదు. చూపంతా పాస్టర్ చెయ్యి మీద ఉండాలి.

శ్రీరామనవమి పందిట్లో భజన చూసినవాళ్ళకి ఈ విద్య కొత్త కాదు. ఒకే నామం అరగంట తిరుగుతుంటే, డోలక్ పట్టినవాడు నడక చెడకుండా మోస్తాడు. వాడు అలిసిపోతే భజన అక్కడితో సరి. తేడా ఏంటంటే, మన భజనలో వేగం పెరుగుతూ పోతుంది. గాస్పెల్ వ్యాంప్‌లో చాలాసార్లు వేగం అక్కడే ఉండి బరువు పెరుగుతుంది.

క్రుంగ్‌బిన్ పాటలు దాదాపు అన్నీ వ్యాంప్‌లే. రెండో మూడో కార్డులు, ఒక బేస్ వరస, దాని మీద గిటారు. పల్లవి వచ్చి పాటను పైకి లేపుతుందని ఎదురుచూస్తే రాదు. అది వాళ్ళకి పాటలు కట్టడం చేతకాక కాదు. ఒకే చోట నిలబడి ఆ చోటును ప్రాణంతో ఉంచడం వాళ్ళు ఆదివారాలు చేసిన పని. 2018లో వచ్చిన రెండో ఆల్బమ్ కోన్ తోడో ఎల్ ముందోలో ఫ్రైడే మార్నింగ్ అనే పాట ఉంది. దాన్ని వాల్యూమ్ పెంచి, వేరే పని పెట్టుకోకుండా ఒకసారి వినండి. అది సోల్ పాట. వేరే పేరు అక్కర్లేదు.

నేను హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్‌లో ఉంటాను. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. కొన్నాళ్ళుగా శనివారాలు థర్డ్ వార్డ్ పేటలో ఒక పెద్దాయన దగ్గర బేస్ గిటారు నేర్చుకుంటున్నాను. ఆయన జీవితమంతా చర్చిల్లో బేస్ వాయించిన మనిషి. ఆయన దగ్గర మొదట్లో నేర్చుకున్నది కొత్త నోట్లు కాదు, ఉన్నవి తీసెయ్యడం. డ్రమ్ మెషీన్ ఒకటి చాలా నిదానంగా పెట్టి, నన్ను ఒక వరస వాయించమనేవారు. వాయిస్తుంటే మధ్యలో చెయ్యెత్తి ఆపేవారు.

"అక్కడ ఆ నోటు ఎందుకు వేశావు?"

"ఖాళీగా ఉంది కదండీ."

"ఖాళీ ఎక్కడుంది? స్నేర్ ఉందిగా. మళ్ళీ విను."

మళ్ళీ వింటే నిజంగానే ఆ చోట స్నేర్ ఉంది. నా నోటు తీసేస్తే ఆ స్నేర్ మోత రెట్టింపైంది. అలా ఎనిమిది నోట్లున్న వరస నాలుగైంది, ఆ నాలుగులో ఒకటి మరీ పొట్టిదై, తీగ మీద వేలు పడగానే ఆపెయ్యాల్సిందైంది. నోటు ఎక్కడ మొదలవ్వాలో అందరూ చూస్తారు, ఎక్కడ ఆగాలో బేసిస్టు చూడాలి అనేవారాయన. లారా లీ వరసలు ఒక్కొక్కటీ పట్టుకుని వాయిస్తుంటే ఆయన పాఠం కళ్ళ ముందు కనబడుతుంది. ఆమె బేస్‌లో జమైకా డబ్ రెగె పోలిక కూడా బాగా ఉంది, అది కాదనను. కానీ నోటును తుంచెయ్యడం, మొదటి దెబ్బ మీద గట్టిగా నిలబడి మిగతా చోటంతా డ్రమ్మర్‌కి వదిలెయ్యడం ఫంక్ చదువు. జేమ్స్ బ్రౌన్ తన బ్యాండుకి నూరిపోసింది అదే: ముందు ఒకటో దెబ్బ దగ్గర అందరూ కలవాలి, తర్వాత ఎవరి దారి వాళ్ళది.

ఇక జాన్సన్ స్నేర్. మెంఫిస్‌లో స్టాక్స్ అనే కంపెనీ రికార్డుల మీద డ్రమ్స్ వాయించిన ఆల్ జాక్సన్ జూనియర్‌ది ఒక పద్ధతి ఉండేది. దెబ్బ పడాల్సిన చోటు కంటే వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. వినేవాడి ఒళ్ళు ఆ వెంట్రుకవాసి కోసం ఎదురుచూస్తుంది. తల ఊగేది అందుకే. న్యూ ఆర్లియన్స్ బ్యాండ్ ద మీటర్స్ 1969లో సిస్సీ స్ట్రట్ అని మాటల్లేని పాట ఒకటి చేసింది. గిటారు, ఆర్గన్, బేస్, డ్రమ్స్, నలుగురూ తలో ముక్క పెట్టి మిగతాది ఖాళీగా వదిలేశారు. హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లియన్స్‌కి ఇంటర్‌స్టేట్ 10 ఎక్కితే చాలు, తిన్నగా తీసుకెళ్తుంది. క్రుంగ్‌బిన్‌కి పూర్వీకుల్ని వెతకాలంటే బ్యాంకాక్ కంటే ముందు ఆ రోడ్డు ఎక్కాలి.

జాన్సన్‌కి ఇంకో ముఖం ఉంది. ఆయన హ్యూస్టన్ ర్యాపర్లకి బీట్లు చేసిన నిర్మాత కూడా. హిప్‌హాప్ నిర్మాత పాత ఫంక్ రికార్డులోంచి రెండు ఆవర్తాల డ్రమ్స్ కత్తిరించి, అదే ముక్కను పాటంతా తిప్పుతాడు. జాన్సన్ చేతులతో వాయిస్తూనే ఆ ముక్కలా వాయిస్తారు. మనిషి వాయిస్తున్న లూప్ అది. మెషీన్ లూప్‌లో లేని చిన్న చిన్న తేడాలు అందులో ఉంటాయి. హై-హ్యాట్ ఒకచోట కాస్త తెరుచుకుంటుంది, స్నేర్ మీద వినీవినబడనట్టు ఓ తట్టు పడుతుంది. వాటిని పట్టుకోవడం మొదలుపెట్టాక ఆ పాటలు వెనకాల పెట్టుకోవడం కుదరదు.

హ్యూస్టన్ నిదానం గురించి కూడా చెప్పాలి. తొంభైల్లో డీజే స్క్రూ అనే ఆయన, అసలు పేరు రాబర్ట్ ఎర్ల్ డేవిస్ జూనియర్, రికార్డుల వేగం బాగా తగ్గించి, ముక్కలు చేసి క్యాసెట్ల మీద ఎక్కించి అమ్మేవాడు. గొంతులు లావెక్కేవి, బేస్ నేలలోకి దిగేది. ఇరవై తొమ్మిదేళ్ళకే 2000లో చనిపోయాడు, కానీ ఊరి చెవిని మార్చేసి పోయాడు. ఈ ఊళ్ళో ఇప్పటికీ సిగ్నల్ దగ్గర ఆగిన కార్లలోంచి ఆ నిదానం వినబడుతుంది. ఆ ఊళ్ళో ర్యాపర్లతో పనిచేసిన డ్రమ్మర్ నిదానంగా వాయిస్తే అది బద్ధకం కాదు, విశ్రాంతి కోసం వేసిన పాట అంతకంటే కాదు.

ఇప్పుడు కాస్త వెనక్కి. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళే ఫ్రీవేలు ఫిఫ్త్ వార్డ్‌ను చీల్చుకుంటూ పోతాయి. ఆ పేటలోనే డాన్ రోబీ అనే వ్యాపారి పీకాక్ రికార్డ్స్ నడిపాడు. బిగ్ మామా థార్న్‌టన్ 1953లో మోగించిన హౌండ్ డాగ్ ఆ కంపెనీదే, డిక్సీ హమ్మింగ్‌బర్డ్స్ గాస్పెల్ రికార్డులూ ఆ కంపెనీవే. శనివారం రాత్రి సంగీతం, ఆదివారం పొద్దున సంగీతం ఒకే సంస్థ నుంచి వచ్చేవి.

ఆ పేటలోనే ఫిలిస్ వీట్లీ హైస్కూల్. అక్కడ చదువుకునే రోజుల్లో జో శాంపుల్, విల్టన్ ఫెల్డర్, స్టిక్స్ హూపర్ కలిసి వాయించడం మొదలుపెట్టారు. తర్వాత లాస్ ఏంజెలెస్ వెళ్ళి జాజ్ క్రూసేడర్స్ అన్న పేరుతో 1961 నుంచి ఆల్బమ్‌లు తీశారు. 1971లో పేరులోంచి జాజ్ తీసేసి క్రూసేడర్స్ అయ్యారు, ఫంక్‌లోకి దిగారు. 1979లో స్ట్రీట్ లైఫ్ పెద్ద హిట్. ఫెల్డర్ శాక్సఫోన్ విద్వాంసుడు. 1969లో జాక్సన్ ఫైవ్ పాట ఐ వాంట్ యూ బ్యాక్‌లో పరుగులు పెట్టే ఆ బేస్ వాయించింది ఆయనే. పాటలో మైకేల్ జాక్సన్ గొంతు కింద ఎగిరి దూకుతున్నది హ్యూస్టన్ జాజ్ మనిషి వేళ్ళు. సోల్, ఫంక్, జాజ్ అని రికార్డు షాపులు మూడు అరలు పెట్టుకున్నాయి కానీ వాయించిన చేతులు అవే.

హ్యూస్టన్ ఫంక్ గురించి అడిగితే నేను రెండు పేర్లు చెప్పి ఆగిపోతాను. ఒకటి కాష్మీర్ స్టేజ్ బ్యాండ్. కాష్మీర్ అనేది ఊరికి ఈశాన్యాన ఉన్న హైస్కూల్. అక్కడ సంగీతం పాఠం చెప్పే కాన్రాడ్ జాన్సన్ 1967లో ఓటిస్ రెడ్డింగ్ కచేరీ చూశాడు. స్టేజీ మీద ఆ కదలిక, ఆ ఊపు తన స్కూలు పిల్లల జాజ్ బ్యాండులో ఎందుకు ఉండకూడదు అనుకున్నాడు. పిల్లలకి జాజ్ అరేంజ్‌మెంట్లు క్షుణ్ణంగా నేర్పి, వాటి కింద ఫంక్ పెట్టాడు. డెబ్బైల్లో ఆ పిల్లలు పోటీలన్నీ గెలుచుకుంటూ పోయారు, యూరప్, జపాన్ తిరిగొచ్చారు, సొంతంగా రికార్డులు వేసుకున్నారు. ఆ రికార్డులు వింటే పదహారేళ్ళ పిల్లలు వాయించారంటే నమ్మబుద్ధి కాదు. పాతికేళ్ళ తర్వాత హిప్‌హాప్ వాళ్ళు వాటిని తవ్వి తీశారు. 2008 ఫిబ్రవరిలో ఆ పాత శిష్యులంతా మధ్యవయసులో మళ్ళీ వాద్యాలు పట్టుకుని, తొంభై రెండేళ్ళ మాస్టారి ముందు కచేరీ చేశారు. రెండు రోజులకి ఆయన కన్నుమూశారు.

రెండోది టైటెన్ అప్. ఆర్చీ బెల్ అండ్ ద డ్రెల్స్ పాట, 1968లో అమెరికాలో నంబర్ వన్. పాట మొదట్లోనే బెల్ తన పేరు చెప్పి, మాది టెక్సస్‌లోని హ్యూస్టన్ అని చెబుతాడు. పాడటం చాలా తక్కువ. డ్రమ్స్‌ని పిలుస్తాడు, డ్రమ్స్ వస్తాయి. బేస్‌ని పిలుస్తాడు, వస్తుంది. గిటారును పిలుస్తాడు, రెండు కార్డులు. అంతే పాట. వెనక వాయించింది టీఎస్‌యూ టొరొనాడోస్, టెక్సస్ సదరన్ యూనివర్సిటీ కుర్రాళ్ళు. పాట నంబర్ వన్ అయ్యేసరికి బెల్ సైన్యంలో చేరి, కాలికి దెబ్బ తగిలి పశ్చిమ జర్మనీలో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. ఈ పాట విని, వెంటనే క్రుంగ్‌బిన్ పాట ఈవాన్ ఫైండ్స్ ద థర్డ్ రూమ్ పెట్టుకోండి. యాభై ఏళ్ళ తేడా. మాటలు తక్కువ, పిలుపులు ఎక్కువ, బేస్ ముందు నడుస్తుంటే గిటారు చిన్నగా గీరుతుంటుంది. ఊరు మారలేదు.

మరి థాయ్‌లాండ్? అక్కడి పాటలు వాళ్ళు ప్రేమతో విన్నారు, ఆ మాట వాళ్ళే చెబుతుంటారు. స్పియర్ గిటారు మీద స్వరాలు వంగే తీరు, మెలిక తిరిగి కిందికి జారే తీరు అక్కడిదే. ఆ అప్పును వాళ్ళు దాచుకోలేదు, నేనూ తగ్గించను. కానీ థాయ్ ఫంక్ అనేది ఎలా పుట్టిందో కూడా అడగాలి కదా. వియత్నాం యుద్ధం రోజుల్లో థాయ్‌లాండ్‌లో అమెరికా వైమానిక స్థావరాలు ఉండేవి. ఉడాన్, కోరాట్, ఉబాన్, ఉ-తపావ్. యుద్ధం ముదిరిన కాలంలో యాభై వేల మంది దాకా అమెరికన్ సైనికులు అక్కడ ఉన్నారు. వాళ్ళలో నల్లజాతి కుర్రాళ్ళు చాలామంది. వాళ్ళతోపాటు సోల్, ఫంక్ రికార్డులు వెళ్ళాయి, సైనిక రేడియో వెళ్ళింది. స్థావరాల పక్కన వెలిసిన బార్లలో స్థానిక బ్యాండ్లు ఆ పాటలే వాయించాలి, లేకపోతే గిరాకీ ఉండదు. ఆ వాయిద్యకారులే తమ ఈసాన్ (ఈశాన్య థాయ్‌లాండ్) ప్రాంతపు జానపదమైన మోలామ్ పాటల కింద ఆ ఫంక్ డ్రమ్స్ పెట్టుకున్నారు. పిన్ అనే మూడు తీగల వాయిద్యానికి కరెంటు తగిలించారు. అలా పుట్టిందే తర్వాత క్యాసెట్ల మీద ఎక్కి, ఇంటర్నెట్‌లోకి వచ్చి, హ్యూస్టన్‌లో వీళ్ళ చెవిన పడింది.

అంటే క్రుంగ్‌బిన్ థాయ్‌లాండ్ నుంచి తెచ్చుకున్న దాంట్లో సగం అమెరికా నుంచి అక్కడికి వెళ్ళిందే. వాళ్ళకి ఆ పాటలు అంత తేలిగ్గా ఒంటబట్టడానికి కారణం అదేనని నా నమ్మకం. బాణీ కొత్తగా వినబడింది, కింద లయ మాత్రం ఎప్పటినుంచో తెలిసిందే. విలేఖరులు ఆ బాణీ గురించి పేజీలు రాస్తారు, లయను ఒక్క వాక్యంలో దాటేస్తారు. దూరదేశపు సంగతి చదవడానికి ఆసక్తిగా ఉంటుంది, ఊళ్ళోని నల్లజాతి చర్చి రోజూ కనబడేదే కాబట్టి ఎవరికీ వార్త కాదు. దానివల్ల ఇంటర్వ్యూల్లో గిటారు గురించి వంద ప్రశ్నలు పడతాయి, డ్రమ్స్ దగ్గర కూర్చున్న మనిషికి ఒకటో రెండో. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది. థాయ్ బాణీ తీసేసి కూడా వీళ్ళు ఆల్బమ్‌లు చేశారు. 2022లో మాలి దేశపు వియూ ఫర్కా టూరేతో కలిసి ఆయన తండ్రి అలీ ఫర్కా టూరే పాటలు చేశారు. అందులో గిటారు, గొంతు అన్నీ సహారా వైపువి. అయినా ఇది క్రుంగ్‌బిన్ అని గుర్తుపట్టేది జాన్సన్ డ్రమ్స్, లారా లీ బేస్ వల్లే.

అంతకంటే గట్టి సాక్ష్యం 2020లో వచ్చిన టెక్సస్ సన్. ఫోర్ట్‌వర్త్ సోల్ గాయకుడు లియాన్ బ్రిడ్జెస్‌తో చేసిన నాలుగు పాటలు. ముందే పాడేవాడు వస్తాడని తెలిసినట్టు ఆ ముగ్గురూ పక్కకి జరిగి చోటిచ్చారు. చర్చిలో పాస్టర్ వెనక నడిచినట్టే నడిచారు. నాకు వాళ్ళ పనిలో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. అదే ఏడాది వచ్చిన మోర్డెకై ఆల్బమ్‌లో వాళ్ళు గొంతులు ఎక్కువ వాడారు, డిస్కో వైపు మొగ్గారు. నాకు అది కొంచెం పలచగా అనిపించింది. 2024లో అ లా సాలాతో మళ్ళీ తగ్గించుకున్నారు, మంచి పని చేశారు. ఆ తర్వాత గ్రామీ వాళ్ళు 2025 అవార్డులకి వీళ్ళను ఉత్తమ నూతన కళాకారుల జాబితాలో పెట్టారు, మొదటి ఆల్బమ్ వచ్చిన తొమ్మిదేళ్ళకి.

నాతో వాదించేవాళ్ళలో మా బావ ఒకడు. వాడూ ఇక్కడే కేటీలో ఉంటాడు. "ఇది లిఫ్టులో వేసే మ్యూజిక్ కదా బావా, ఒక్క పల్లవి లేదు, ఒక్క మాట గుర్తుండదు" అంటాడు. వాడి మాటలో ఒక నిజం ఉంది. మనం పాటను సాహిత్యంతో వింటూ పెరిగినవాళ్ళం. రాసింది ఎవరు, పాడింది ఎవరు, ఆ తర్వాతే మిగతావి. వెనకాల బేస్ వాయించింది ఎవరని ఏ క్యాసెట్ అట్ట మీదా వెతుక్కోలేదు. అలాంటి చెవికి మాట లేని పాట నేపథ్య సంగీతంలా వినబడటం సహజం. కానీ మన ఎనభైల సినిమా పాటల్లో మనం ఊగిపోయినవి కొన్ని తీసుకుని గొంతు పక్కన పెట్టి వింటే, కింద ఫంక్ బేస్ గంతులేస్తూ ఉంటుంది. ఒంటికి ఆ లయ పరిచయమే, చెవికే దాన్ని విడిగా వినే అలవాటు లేదు. క్రుంగ్‌బిన్ వాళ్ళు 2020లో ఇతరుల పాటలతో కూర్చిన లేట్ నైట్ టేల్స్ సంకలనంలో పాకిస్తానీ గాయని నాజియా హసన్ పాట ఖుషీ పెట్టారు. మన చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో మైకుల్లో మోగిన గొంతు ఆమెది. బావకి ఇది చెబితే ఆ రోజు వాదన అక్కడితో ఆగింది.

ఇంకో రకం అభ్యంతరం జాజ్ అభిమానుల నుంచి వస్తుంది. ఇందులో జాజ్ ఎక్కడుంది, సోలోలు లేవు, కష్టమైన కార్డులు లేవు అని. సోలో ఒక్కటే జాజ్ అనుకుంటే నిజమే, లేదు. నా దృష్టిలో జాజ్ ఈ బ్యాండులో పని చేసే పద్ధతిలో ఉంది. బర్టన్ అనే పల్లెలో స్పియర్ కుటుంబానికి ఒక కొట్టం ఉంది. మొదటి ఆల్బమ్‌లు అక్కడే ముగ్గురూ ఒకరికొకరు కనబడేలా ఉండి, కలిసి వాయించి రికార్డ్ చేశారు. విడివిడిగా వాయించి కంప్యూటర్లో అతికించే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. స్పియర్ ఒక స్వరం సాగదీస్తే జాన్సన్ హై-హ్యాట్ దానికి సర్దుకుంటుంది. ముందు విను, తర్వాత వాయించు అనేది జాజ్ బ్యాండ్లు నేర్పిన మర్యాద. హ్యూస్టన్ నుంచే వచ్చిన రాబర్ట్ గ్లాస్పర్ చర్చిలో మొదలై జాజ్ పియానోకి వెళ్ళి, హిప్‌హాప్ డ్రమ్స్ తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. జాన్సన్ అదే దారిలో ఇంకో మలుపు తిరిగాడు. ఒకరిని జాజ్ అని, ఇంకొకరిని చిల్ అని పిలవడం నాకు అర్థం కాదు.

ఆ లేట్ నైట్ టేల్స్‌లోనే వాళ్ళు సొంతంగా వాయించిన పాట ఒకటుంది, సమ్మర్ మ్యాడ్‌నెస్. అది కూల్ అండ్ ద గ్యాంగ్ 1974లో చేసింది. ఆ బ్యాండు న్యూజెర్సీలో 1964లో జాజియాక్స్ అనే పేరుతో జాజ్ వాయిస్తూ మొదలైంది, తర్వాత ఫంక్‌కి వచ్చింది. ఆ పాటలో ఎలక్ట్రిక్ పియానో నిదానంగా నడుస్తుంటే సింథసైజర్ స్వరం ఒకటి సన్నగా పైకి, ఇంకా పైకి పాకుతుంది. బేస్ మాత్రం కదలదు. సోల్ వెచ్చదనం, ఫంక్ నడక, జాజ్ స్వేచ్ఛ మూడూ ఒకే నాలుగు నిమిషాల్లో. ఇతరుల పాటల్లోంచి ఒక్కటి ఎంచుకుని వాయించాల్సి వచ్చినప్పుడు క్రుంగ్‌బిన్ ఎంచుకున్నది థాయ్ పాట కాదు, ఇది.

ఎవరికైనా వీళ్ళను పరిచయం చెయ్యాలంటే నేను ఈ వరసలో వినిపిస్తాను. మొదట టైటెన్ అప్, తర్వాత సిస్సీ స్ట్రట్, ఆ తర్వాత కాష్మీర్ పిల్లల రికార్డు ఏదైనా ఒకటి, సమ్మర్ మ్యాడ్‌నెస్ పాతది, వెంటనే వీళ్ళది. అప్పుడు ఫ్రైడే మార్నింగ్. థాయ్ మోలామ్ ఫంక్ సంకలనాలు కూడా దొరుకుతున్నాయి, అవి ఆఖర్న. అప్పటికి వినేవాళ్ళే ఆ థాయ్ డ్రమ్స్ విని "ఇది అమెరికన్ బీట్ కదా" అంటారు.

కచేరీకి వెళ్ళే అవకాశం వచ్చినవాళ్ళకి ఒక మాట. స్పియర్, లారా లీ ఇద్దరూ నల్లటి విగ్గులు పెట్టుకుని, మెరిసే బట్టలు వేసుకుని స్టేజీ ముందు భాగంలో ఒకే తీరున కదులుతుంటారు. కళ్ళు అటే పోతాయి, చూడండి, అందంగా ఉంటుంది. ఒక పాట మాత్రం మొదటి నుంచి చివరి దాకా జాన్సన్ కుడిచెయ్యి చూడండి. హై-హ్యాట్ మీద ఆ చెయ్యి ఎంత తక్కువ ఎత్తు లేస్తుందో, అందులో ఎన్ని రకాల దెబ్బలున్నాయో లెక్కపెట్టడానికి ప్రయత్నించండి.